రైలు లేటయితే డబ్బులు రాబట్టడం ఎలా: టీడీఆర్ నుంచి వినియోగదారుల కమిషన్ దాకా

రైలు లేటయింది, డబ్బులు వెనక్కి వస్తాయా అని ఎవరైనా అడిగితే నేను ముందు ఒకటే ఎదురు ప్రశ్న వేస్తాను: రైలు ఎక్కారా, ఎక్కలేదా? మొత్తం వ్యవహారం ఈ ఒక్క ప్రశ్న చుట్టూనే తిరుగుతుంది. ఎక్కకుండా ఇంటికి తిరిగొచ్చేస్తే మీరు అడగాల్సింది రీఫండ్. అది రాసిపెట్టిన నిబంధన, గడువు లోపల దరఖాస్తు పెడితే వచ్చేస్తుంది. ఎక్కి, ఆలస్యంగా దిగి, దానివల్ల నష్టపోతే మీరు అడగాల్సింది పరిహారం. దానికి రైల్వేలో ఫారం ఏదీ లేదు, వినియోగదారుల కమిషన్‌కు వెళ్లాలి, సాక్ష్యం చూపించాలి, ఓపిక పట్టాలి. చాలామంది ఈ రెండింటినీ కలిపేసి, రైలు దిగాక టీడీఆర్ (రీఫండ్ కోసం పెట్టే దరఖాస్తు) పెట్టి, అది తిరస్కరించారని నిరుత్సాహపడి వదిలేస్తారు. అందుకే రెండు దారులూ విడివిడిగా చెబుతాను.

ఎక్కకముందు: మూడు గంటల నిబంధన

2015లో వచ్చిన టికెట్ రద్దు, ఛార్జీ వాపసు నిబంధనల ప్రకారం, మీరు ఎక్కాల్సిన స్టేషన్‌లో రైలు 3 గంటలకు మించి ఆలస్యమై, మీరు ప్రయాణం మానుకుంటే, క్యాన్సిలేషన్ ఛార్జీ లేకుండా పూర్తి ఛార్జీ తిరిగి ఇవ్వాలి. కన్ఫర్మ్ టికెట్టా, ఆర్‌ఏసీనా, వెయిటింగ్ లిస్టా అన్న తేడా లేదు. ఐఆర్‌సీటీసీ తీసుకునే కన్వీనియెన్స్ ఫీజు మాత్రం రాదు, మిగతాది వస్తుంది.

ఇందులో "ఎక్కాల్సిన స్టేషన్‌లో" అన్న మాటను బాగా గుర్తుపెట్టుకోండి. గోదావరి ఎక్స్‌ప్రెస్ విశాఖలోనే బయల్దేరుతుంది. విశాఖలో ఎక్కేవాళ్లకు అది సమయానికి కదిలి, దారిలో ఎక్కడో ఆగిపోయి హైదరాబాద్‌కు నాలుగు గంటలు ఆలస్యంగా చేరితే ఈ నిబంధన పనికిరాదు, ఎందుకంటే వాళ్లు ఎక్కిన చోట ఆలస్యం లేదు. అదే కోల్‌కతా వైపు నుంచి వచ్చే కోరమాండల్ ఎక్స్‌ప్రెస్‌ను విజయవాడలో ఎక్కుదామని వెళితే, ఒడిశాలోనే నాలుగు గంటలు ఆలస్యమైపోయి ఉంటే, విజయవాడ ప్రయాణికుడికి పూర్తి రీఫండ్ హక్కు ఉంది. దూరం నుంచి వచ్చే రైళ్లను మధ్యలో ఎక్కేవాళ్లకే ఈ నిబంధన ఎక్కువగా ఉపయోగపడుతుంది. సరిగ్గా మూడు గంటలు ఆలస్యమైతే చాలదు, మూడు దాటాలి.

రైల్వే ముందే రీషెడ్యూల్ చేసి బయల్దేరే సమయాన్ని మూడు గంటలకు మించి వెనక్కి జరిపినా ఇదే వర్తిస్తుంది. ఆ మెసేజ్ ఫోన్‌కు వస్తుంది, దాన్ని డిలీట్ చేయకండి.

ఈ-టికెట్ ఉన్నవాళ్లు చేయాల్సింది

ముందు రైలు ఎక్కడుందో ఎన్‌టీఈఎస్‌లో చూడండి. అది రైల్వే సొంత యాప్, వెబ్‌సైటు కూడా ఉంది. వేరే కంపెనీల యాప్‌లలో కనిపించేది చాలాసార్లు అంచనా మాత్రమే, కాబట్టి సాక్ష్యంగా ఎన్‌టీఈఎస్ స్క్రీన్‌షాటే తీసుకోండి. రైలు నంబరు, తేదీ, మీ స్టేషన్ పేరు, ఆలస్యం ఎంతో కనిపించేలా, ఫోన్‌లో టైము కూడా పడేలా తీయండి.

తర్వాత ఐఆర్‌సీటీసీలో లాగిన్ అయ్యి, మై అకౌంట్‌లో మై ట్రాన్సాక్షన్స్ కింద ఫైల్ టీడీఆర్ అన్నది తెరవండి. మీ పీఎన్‌ఆర్ కనిపిస్తుంది. ప్రయాణం మానుకున్నవాళ్ల పేర్ల పక్కన టిక్ పెట్టి, కారణాల జాబితాలో రైలు మూడు గంటలకు మించి ఆలస్యం, ప్రయాణికుడు ప్రయాణించలేదు అన్న అర్థం వచ్చేదాన్ని ఎంచుకుని సబ్మిట్ చేయండి. ఒకే పీఎన్‌ఆర్‌లో నలుగురు ఉండి ఇద్దరే మానుకుంటే ఆ ఇద్దరికే పెట్టొచ్చు. పని అయ్యాక వచ్చే ధ్రువీకరణను కూడా స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి.

గడువు ఎప్పటిదాకా? రైలు మీ స్టేషన్ నుంచి నిజంగా కదిలేదాకా. టైంటేబుల్‌లో ఉన్న సమయం కాదు, అసలు కదిలే సమయం. రైలు వచ్చి వెళ్లిపోయాక ఇంటికెళ్లి తీరిగ్గా పెడదామనుకుంటే ఆ హక్కు పోయినట్టే. అందుకే నా సలహా, ఎక్కకూడదని నిర్ణయించుకున్న క్షణమే ప్లాట్‌ఫాం మీద నిలబడే పెట్టేయండి, ఎందుకంటే ఆ సమయంలో సైటు నెమ్మదిగా ఉండొచ్చు, ఓటీపీ రాకపోవచ్చు, ఈలోగా రైలు వచ్చేయొచ్చు.

అన్నిటికంటే ఎక్కువ మంది చేసే పొరపాటు ఇంకొకటి ఉంది. రైలు ఆలస్యమని తెలియగానే కంగారులో మామూలు క్యాన్సిల్ బటన్ నొక్కేస్తారు. చార్టు ఇంకా తయారుకాకపోతే అది పనిచేస్తుంది కూడా, కానీ దాన్ని మీ అంతట మీరు చేసుకున్న రద్దుగా లెక్కేసి ఛార్జీ కోస్తారు. మా ఇంట్లోనే ఒకసారి ఇలా జరిగింది, నలుగురి టికెట్లు ఒక్క నొక్కుతో రద్దయ్యాయి, తర్వాత ఎన్ని మెయిళ్లు పెట్టినా ప్రయోజనం లేకపోయింది. రైలు లేటు కారణంగా మానుకుంటున్నట్టయితే దారి టీడీఆరే, క్యాన్సిల్ కాదు.

తత్కాల్ టికెట్ ఉన్నవాళ్లు ఇంకొంచెం జాగ్రత్తగా ఉండాలి. మామూలుగా కన్ఫర్మ్ తత్కాల్‌కు రీఫండ్ ఉండదు, కానీ మూడు గంటలు దాటిన ఆలస్యానికి ఉంది. అయితే ఇక్కడ చూసేది టికెట్ మీద ప్రయాణం మొదలయ్యే స్టేషన్‌ను, మీరు తర్వాత మార్చుకున్న బోర్డింగ్ స్టేషన్‌ను కాదు. టికెట్ విశాఖ నుంచి తీసుకుని బోర్డింగ్ రాజమండ్రికి మార్చుకున్నారనుకోండి, ఆలస్యాన్ని విశాఖ దగ్గరే కొలుస్తారు.

ఏజెంటు దగ్గర తీసుకున్న టికెట్ అయితే టీడీఆర్ కూడా ఆ ఏజెంటే పెట్టాలి, డబ్బు అతని ఖాతా ద్వారానే వస్తుంది. కాబట్టి వెంటనే ఫోన్ చేసి, పెట్టినట్టు రుజువు వాట్సాప్‌లో పంపమనండి. వేరే యాప్‌లో బుక్ చేస్తే ఆ యాప్‌లోనే టీడీఆర్ ఎంపిక వెతకండి.

డబ్బు వెంటనే రాదు. టీడీఆర్‌ను ఐఆర్‌సీటీసీ సంబంధిత జోన్‌కు పంపిస్తుంది, వాళ్లు రైలు రికార్డు చూసి తేలుస్తారు, దీనికి రెండు నెలలైనా పట్టొచ్చు. టీడీఆర్ హిస్టరీలో అప్పుడప్పుడు చూసుకుంటూ ఉండండి. తిరస్కరిస్తే కారణం కూడా అక్కడే కనిపిస్తుంది, అప్పుడు మీ స్క్రీన్‌షాట్లు జతచేసి మళ్లీ అడగండి. అదీ ఫలించకపోతే ఛార్జీ వాపసు వివాదాలకు రైల్వే క్లెయిమ్స్ ట్రిబ్యునల్ ఉంది, దానికి సికింద్రాబాద్‌లో బెంచ్ ఉంది.

కౌంటర్ టికెట్ అయితే

రైలు కదిలేలోగా ఏదైనా రిజర్వేషన్ కౌంటర్‌లో టికెట్ ఇచ్చేసి డబ్బు తీసుకోవాలి. కౌంటర్ మూసేసి ఉంటే స్టేషన్ మాస్టర్ దగ్గరకు వెళ్లి టికెట్ అప్పగించి, టికెట్ డిపాజిట్ రసీదు అడగండి, టీడీఆర్ అంటే నిజానికి ఇదే. ఆ రసీదుతో ఆలస్యం చేయకుండా జోన్ రీఫండ్ విభాగానికి దరఖాస్తు పెట్టాలి. అసలు టికెట్ చేతిలోంచి పోతుంది కాబట్టి అప్పగించే ముందు రెండు వైపులా ఫొటో తీసుకోండి.

రెండు రైళ్లు మారాల్సినప్పుడు

ఇది చాలామందికి తెలియని సౌకర్యం, 2019 ఏప్రిల్ 1 నుంచి ఉంది. శ్రీకాకుళం రోడ్ నుంచి సికింద్రాబాద్ వచ్చి, అక్కడ ఇంకో రైలు పట్టుకుని ముంబై వెళ్లాలనుకోండి. మొదటి రైలు లేటయి రెండోది తప్పిపోతే, రెండో టికెట్ డబ్బు క్యాన్సిలేషన్ ఛార్జీ లేకుండా వెనక్కి అడగొచ్చు. కానీ దానికి ముందుగానే రెండు పీఎన్‌ఆర్‌లను లింకు చేసి ఉండాలి. రెండు టికెట్లలో ప్రయాణికుల వివరాలు ఒకేలా ఉండాలి. ఒకదాంట్లో పేరు పూర్తిగా, ఇంకోదాంట్లో ఇంటిపేరు అక్షరంతో రాస్తే లింకు కాకపోవచ్చు. మొదటి రైలు దిగే చోటే రెండోది ఎక్కేలా ఉండాలి, రెండూ ఈ-టికెట్లే అయినా కావాలి, రెండూ కౌంటర్ టికెట్లే అయినా కావాలి. మొదటి రైలు నిజంగా చేరిన సమయం నుంచి 3 గంటల లోపల టీడీఆర్ పెట్టాలి, కౌంటర్ టికెట్ అయితే అక్కడి కౌంటర్‌లో ఇచ్చేయాలి.

ఇక్కడ ఆలస్యం మూడు గంటలు ఉండాల్సిన పనిలేదు, రెండో రైలు తప్పిపోవడమే కారణం. బుక్ చేసేటప్పుడు రెండు నిమిషాలు పెట్టి లింకు చేసుకోవడం అలవాటు చేసుకోండి.

రైలు ఎక్కాక ఏసీ పనిచేయకపోతే అది వేరే లెక్క: టీటీఈ దగ్గర సర్టిఫికెట్ రాయించుకుని, దిగిన 20 గంటల లోపల టీడీఆర్ పెట్టాలి, ఛార్జీ తేడా వస్తుంది.

ఎక్కి, ఆలస్యంగా దిగి, నష్టపోతే

ఇప్పుడు అసలు కష్టమైన సంగతికి వద్దాం. బ్రిటన్‌లో ఉండే మనవాళ్లు రైలు 15 నిమిషాలో, అరగంటో లేటయితే డిలే రీపే కింద ఆన్‌లైన్‌లో ఫారం నింపి డబ్బు తీసుకుంటారు. యూరప్‌లో గంట దాటితే ఛార్జీలో 25 శాతం, రెండు గంటలు దాటితే 50 శాతం అని చట్టంలోనే ఉంది. మన దగ్గర అలాంటి పట్టిక లేదు. 2019 అక్టోబర్‌లో లక్నో, న్యూఢిల్లీ మధ్య మొదలైన తేజస్ రైల్లో గంట దాటితే 100 రూపాయలు, రెండు గంటలు దాటితే 250 రూపాయలు ఇచ్చే పద్ధతి పెట్టారు కానీ దాన్ని 2024లో ఆపేశారు. టికెట్ కొనేటప్పుడు 45 పైసలకు తీసుకునే బీమా ఉంది కదా అని కొందరంటారు, అది ప్రమాదంలో మరణానికి, గాయాలకు, అంగవైకల్యానికే, ఆలస్యానికి కాదు.

అంతమాత్రాన హక్కు లేదని కాదు. 2021 సెప్టెంబర్ 6న సుప్రీంకోర్టు ఇచ్చిన ఒక తీర్పు ప్రతి ప్రయాణికుడూ తెలుసుకోవాల్సింది. రాజస్థాన్‌కు చెందిన ఒక కుటుంబం 2016 జూన్‌లో అజ్మీర్ జమ్మూ ఎక్స్‌ప్రెస్‌లో వెళ్లింది. రైలు ఉదయం 8 గంటల 10 నిమిషాలకు జమ్మూ చేరాలి, మధ్యాహ్నం 12కు చేరింది. 12 గంటలకే వాళ్ల శ్రీనగర్ విమానం. విమానం తప్పిపోయింది, టాక్సీకి 15,000 పెట్టుకుని శ్రీనగర్ వెళ్లారు, దాల్ సరస్సులో పడవ బస కోసం కట్టిన డబ్బు పోయింది. ఆల్వార్ జిల్లా వినియోగదారుల ఫోరంలో కేసు వేసి గెలిచారు, రైల్వే పైకి వెళ్తూ వెళ్తూ సుప్రీంకోర్టు దాకా వెళ్లింది, అక్కడా ఓడిపోయింది. జస్టిస్ ఎం.ఆర్. షా, జస్టిస్ అనిరుద్ధ బోస్‌ల ధర్మాసనం ఏమందంటే, ఆలస్యానికి కారణం తమ చేతిలో లేనిదని రైల్వే సాక్ష్యంతో నిరూపించాలి, కనీసం సమర్థించుకోదగ్గ కారణమైనా చూపాలి, లేకపోతే పరిహారం కట్టాల్సిందే.

ఈ తీర్పుతో రుజువు చేసే బరువు రైల్వే మీద పడింది, అందుకే దీనికి ఇంత విలువ. ఎందుకు లేటయిందో మీరు కనిపెట్టి చెప్పాల్సిన పనిలేదు. మీరు చూపించాల్సింది రెండే: ఎంత లేటయింది, దానివల్ల మీకు ఏం పోయింది.

ఇంకో కేసు ఎర్నాకుళం జిల్లా కమిషన్‌ది. 2018 మే 6న అలెప్పీ చెన్నై ఎక్స్‌ప్రెస్ 13 గంటలు ఆలస్యమైంది. అరక్కోణం యార్డులో పనులు జరుగుతున్నాయని రైల్వే చెప్పుకుంది. పనులుంటాయని ముందే తెలిసినప్పుడు ప్రయాణికులకు ముందే చెప్పి ఉండాల్సింది కదా అని కమిషన్ అడిగి, ఖర్చులతో కలిపి 60,000 రూపాయలు ఇమ్మని ఆదేశించింది. మన సెక్షన్లలో మూడో లైను పనులు, యార్డు పనులు చెప్పి రైళ్లను గంటల తరబడి ఆపినప్పుడల్లా నాకు ఈ కేసే గుర్తొస్తుంది.

కానీ అన్ని ఆలస్యాలకూ ఇది వర్తించదు, ఇది నిజాయితీగా చెప్పాలి. 2024 సెప్టెంబర్ 1న మహబూబాబాద్ జిల్లా కేసముద్రం దగ్గర వరదకు పట్టాల కింద కట్ట కొట్టుకుపోయింది. 2023 డిసెంబర్‌లో మిచౌంగ్ తుఫాను వచ్చింది. ఇలాంటి రోజుల్లో టికెట్ డబ్బు వెనక్కి అడగండి, పరిహారం కేసు మాత్రం నిలబడదు. అలాగే మీరు ఎంత వ్యవధి పెట్టుకున్నారన్నదీ చూస్తారు. జమ్మూ కుటుంబం టైంటేబుల్ ప్రకారం రైలుకీ విమానానికీ మధ్య దాదాపు నాలుగు గంటలు ఉంచుకుంది. సికింద్రాబాద్‌లో రైలు దిగిన గంటకే శంషాబాద్‌లో విమానం పెట్టుకుని, రైలు అరగంట లేటయితే కేసు వేస్తానంటే ఏ కమిషనూ ఒప్పుకోదు. ఊరికే విసుగు పుట్టింది, నిద్ర లేదు అన్నదానికి పెద్దగా రాదు. పరీక్ష, ఇంటర్వ్యూ, విమానం, ఆసుపత్రి అపాయింట్‌మెంట్, ముందే కట్టిన హోటల్ గది, ఇలా కాగితం మీద చూపించగలిగే నష్టం ఉన్నప్పుడే ముందుకెళ్లండి.

సాక్ష్యం రైల్లోనే పోగుచేయాలి

కేసు గెలిచేదీ ఓడేదీ నిజానికి ఆ లేటయిన గంటల్లోనే తేలిపోతుంది. దిగి ఇంటికెళ్లి నెల తర్వాత వెతికితే ఎన్‌టీఈఎస్‌లో పాత వివరాలు కనిపించవు. కాబట్టి రైలు ఆగిపోయి కదలకపోతే ఈ పనులు మొదలుపెట్టండి.

గంటకోసారి ఎన్‌టీఈఎస్ స్క్రీన్‌షాట్ తీయండి. రైల్ మదద్ యాప్‌లో గానీ 139కి ఫోన్ చేసి గానీ ఫిర్యాదు పెట్టండి, మీ పీఎన్‌ఆర్ చెప్పి, "నాకు ఇన్ని గంటలకు విమానం ఉంది, రైలు ఫలానా స్టేషన్ దగ్గర ఇంతసేపటి నుంచి ఆగి ఉంది, కారణం చెప్పండి" అని స్పష్టంగా రాయండి. దాని వల్ల రైలు వెంటనే కదలకపోవచ్చు, కానీ మీరు నష్టం గురించి ముందే తెలియజేశారని ఒక రిఫరెన్స్ నంబరుతో రికార్డవుతుంది. వాళ్లు ఏ కారణం చెప్పినా అది కూడా భద్రపరచండి, తర్వాత కమిషన్‌లో ఇంకో కారణం చెబితే ఇది పనికొస్తుంది.

ఎదురుచూసేది విమానమో హోటలో అయితే వాళ్లకు ఫోన్‌తో పాటు మెయిల్ కూడా పెట్టండి, తేదీ మార్చగలరా, డబ్బు వెనక్కి ఇస్తారా అని. వాళ్లు కుదరదంటే ఆ జవాబే మీ సాక్ష్యం. నష్టం తగ్గించుకోవడానికి మీరు ప్రయత్నించారన్నది కమిషన్ గమనిస్తుంది.

దిగాక చేరిన సమయం చూపించే స్క్రీన్‌షాట్ ఒకటి, ప్లాట్‌ఫాం మీద గడియారం కనిపించే ఫొటో ఒకటి తీసుకోండి. తర్వాత పెట్టే ప్రతి ఖర్చుకూ బిల్లు తీసుకోండి. టాక్సీకి నగదు ఇస్తే రసీదు రాయించుకోండి, వీలైతే యూపీఐలోనే కట్టండి, బ్యాంకు స్టేట్‌మెంట్‌లో తేదీ, సమయం పడుతుంది.

ఆర్టీఐ: 10 రూపాయల ఆయుధం

నా దృష్టిలో మొత్తం ప్రక్రియలో ఎక్కువ ఫలితం ఇచ్చే మెట్టు ఇదే. ఆర్టీఐ అంటే సమాచార హక్కు చట్టం. దాని ఆన్‌లైన్ పోర్టల్‌లో 10 రూపాయల ఫీజుతో రైల్వే జోన్‌ను సమాచారం అడగొచ్చు, 30 రోజుల్లో జవాబివ్వాలి. కాగితం మీద రాసి పంపితే తెలుగులో కూడా రాయొచ్చు, చట్టం ఆ ప్రాంత అధికార భాషలో అడిగే హక్కు ఇచ్చింది. ఇలా అడగండి:

"ఫలానా నంబరు రైలు, ఫలానా తేదీన, ఫలానా స్టేషన్‌కు చేరాల్సిన సమయం ఎంత, నిజంగా చేరిన సమయం ఎంత? ఏయే స్టేషన్ల మధ్య ఎంతెంతసేపు ఆలస్యమైంది? ప్రతి ఆలస్యానికీ రికార్డులో నమోదు చేసిన కారణం ఏమిటి? ఆ రికార్డు ప్రతులు ఇవ్వగలరు."

"ఎందుకు ఇలా చేశారు" లాంటి ప్రశ్నలు వేయకండి, అభిప్రాయం అడిగారని పక్కన పెట్టేస్తారు. రికార్డు మాత్రమే అడగండి. వచ్చిన జవాబులో రైల్వేనే స్వయంగా ఆలస్యాన్ని ఒప్పుకున్నట్టు ఉంటుంది, ఇక దాని మీద వాదన ఉండదు. జవాబు రాకపోతే 30 రోజుల్లో మొదటి అప్పీలు వేయండి.

నోటీసు, తర్వాత ఫిర్యాదు

వినియోగదారుల కేసుకు ముందు నోటీసు ఇవ్వాలని చట్టంలో లేదు, అయినా ఇవ్వడం మంచిది. రైలు నడిపిన జోన్ జనరల్ మేనేజర్‌కు, దక్షిణ మధ్య రైల్వే అయితే సికింద్రాబాద్ రైల్ నిలయం చిరునామాకు, అక్నాలెడ్జ్‌మెంట్‌తో స్పీడ్ పోస్టులో ఒక పేజీ ఉత్తరం పంపండి. జరిగింది, నష్టం లెక్క, 15 రోజుల్లో చెల్లించకపోతే కమిషన్‌కు వెళ్తానని, అంతే. కోపంగా రాయకండి, రేపు ఆ ఉత్తరం కమిషన్ చదువుతుంది.

జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి కూడా ఫోన్ చేసి నమోదు చేయించొచ్చు. వాళ్లు ఆదేశం ఇవ్వలేరు, ఫిర్యాదును రైల్వేకు పంపుతారు.

తర్వాత జిల్లా వినియోగదారుల కమిషన్. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రయాణికుడికి చేసిన పెద్ద మేలు ఏమిటంటే, మీరు నివసించే ఊళ్లోనో, పనిచేసే ఊళ్లోనో కేసు వేయొచ్చు. రైలు జమ్మూలో లేటయినా మీరు నిజామాబాద్ వాసి అయితే నిజామాబాద్‌లోనే వేయొచ్చు. కట్టిన సొమ్ము 50 లక్షల లోపు ఉంటే జిల్లా కమిషనే వింటుంది, 5 లక్షల లోపు అయితే ఫీజు లేదు. ఇక్కడ చూసేది మీరు అడిగే పరిహారం కాదు, టికెట్‌కు కట్టిన సొమ్ము. అంటే రైలు టికెట్ కేసుకు ఫీజు సున్నా. ఘటన జరిగిన 2 సంవత్సరాల లోపల వేయాలి. లాయర్ తప్పనిసరి కాదు. 2025 జనవరి నుంచి ఈ-జాగృతి పోర్టల్‌లో ఇంటి నుంచే దాఖలు చేయొచ్చు, వీడియోలో హాజరు కావడానికీ అవకాశం ఉంది.

ఎదుటి పక్షంగా జోన్ జనరల్ మేనేజర్ ద్వారా యూనియన్ ఆఫ్ ఇండియా అని రాయండి. రైలు ఎక్కువసేపు ఇంకో జోన్‌లో ఆగి ఉంటే (ఆర్టీఐ జవాబులో ఇది తెలుస్తుంది) ఆ జోన్‌నూ చేర్చండి, లేకపోతే మా పరిధిలో కాదు వాళ్ల పరిధిలో అని ఒకరి మీద ఒకరు వేసుకుంటారు. ఫిర్యాదులో అసలు ముక్క ఇలా ఉంటే చాలు:

"నేను ఫలానా తేదీన ఫలానా రైల్లో, ఫలానా పీఎన్‌ఆర్ మీద ప్రయాణించాను. రైలు ఉదయం 6 గంటలకు చేరాల్సి ఉండగా 10 గంటల 40 నిమిషాలకు చేరింది (పత్రం 2, ఆర్టీఐ జవాబు). దీనివల్ల 10 గంటలకు ఉన్న నా విమానం తప్పిపోయింది (పత్రం 3). కొత్త టికెట్‌కు ఇంత ఖర్చయింది (పత్రం 4). ఆలస్యానికి తగిన కారణం ఎదుటి పక్షం చెప్పలేదు (పత్రం 5, రైల్ మదద్ ఫిర్యాదు). ఇది సేవా లోపం. సుప్రీంకోర్టు 2021 సెప్టెంబర్ 6న నార్త్ వెస్టర్న్ రైల్వే కేసులో ఇచ్చిన తీర్పు నాకు వర్తిస్తుంది."

దీనికి అఫిడవిట్, పత్రాల జాబితా జతచేయాలి. స్క్రీన్‌షాట్లు మీ ఫోన్‌లో మీరే తీశారని, మార్చలేదని అఫిడవిట్‌లో ఒక వాక్యం రాయండి.

ఎంత అడగాలి? బిల్లులున్న ఖర్చు పైసాతో సహా, మనోవేదనకు ఒక మొత్తం, కేసు ఖర్చులకు ఒక మొత్తం, విడివిడిగా. జమ్మూ కేసులో టాక్సీ 15,000, బుకింగ్ నష్టం 10,000, వాటికి తోడు మనోవేదనకూ కేసు ఖర్చులకూ కొంత ఇప్పించారు. ఇరవై వేల నష్టానికి పది లక్షలు అడిగితే కేసు బలం తగ్గుతుందే తప్ప పెరగదు.

రైల్వే ఏం వాదిస్తుంది

దాదాపు ప్రతిసారీ మూడు మాటలు వస్తాయి. ఒకటి, రైళ్ల సమయానికి గ్యారంటీ లేదని కోచింగ్ టారిఫ్ (రైల్వే ప్రయాణ నిబంధనల పుస్తకం) 114, 115 నిబంధనలు చెబుతున్నాయని. సుప్రీంకోర్టు ముందూ ఇదే వాదించారు, నెగ్గలేదు, ఆ సంగతే రాయండి. రెండు, ఇది క్లెయిమ్స్ ట్రిబ్యునల్ వినాల్సిన కేసని. ట్రిబ్యునల్ చూసేది ఛార్జీ వాపసు, సరుకు నష్టం, ప్రమాద పరిహారం లాంటివి. అందుకే మీ ఫిర్యాదులో టికెట్ డబ్బు వాపసు అడగకండి, సేవా లోపం వల్ల కలిగిన నష్టమే అడగండి. ఈ రెండూ కలిపితే మీరే వాళ్లకు దారి ఇచ్చినట్టవుతుంది. మూడు, పొగమంచు, చెయిన్ లాగారు, సిగ్నల్ పాడైంది అని కారణాలు. పొగమంచయితే ఆరోజు ఆ సెక్షన్ రికార్డు చూపమనండి. సిగ్నల్ పాడవడం వాళ్ల సొంత నిర్వహణలో లోపం, అది ఎలా సాకవుతుందని అడగండి.

నోటీసు అందాక జవాబివ్వడానికి రైల్వేకు 30 రోజులు, కమిషన్ ఒప్పుకుంటే ఇంకో 15 రోజులు ఉంటాయి. మూడు నెలల్లో తేల్చేందుకు ప్రయత్నించాలని చట్టం అంటుంది కానీ వాయిదాలు పడతాయి, ఏడాది పట్టినా ఆశ్చర్యపోకండి. ప్రతి వాయిదాకూ హాజరవ్వండి, మీరు రాకపోతే కేసు కొట్టేయొచ్చు.

ఆదేశం మీకు అనుకూలంగా వచ్చాక రైల్వే 45 రోజుల్లో రాష్ట్ర కమిషన్‌కు అప్పీలు వెళ్లొచ్చు, కానీ దానికి ఆదేశించిన మొత్తంలో సగం ముందు జమ చేయాలి. అప్పీలూ వేయకుండా, డబ్బూ కట్టకుండా కూర్చుంటే, అదే జిల్లా కమిషన్‌లో అమలు పిటిషన్ వేయండి. ఆదేశాన్ని పాటించకపోతే 72వ సెక్షన్ కింద నెల నుంచి మూడేళ్ల దాకా జైలు, 25,000 నుంచి లక్ష దాకా జరిమానా ఉన్నాయి. ఆ పిటిషన్‌తో పాటు ఆదేశం సర్టిఫైడ్ కాపీ, మీ బ్యాంకు ఖాతా వివరాలు ఇస్తే చాలు.